గుట్టెక్కిన బొంత

మనీషా, ఇటు రా. ఆ ఫోను పక్కన పెట్టి నా మంచం దగ్గర కూర్చో. ఇంకొంచెం జరుగు. మీ అమ్మ డ్యూటీ నుంచి రావడానికి ఇంకా పొద్దుంది. మన రెండిళ్ల తలుపులూ తెరిచే ఉన్నాయి, నువ్వు ఇక్కడే ఉన్నావని ఆమెకు తెలుస్తుంది. లోపల ఉయ్యాలలో మా వనజ బిడ్డ పడుకుని ఉంది. అది లేవకముందే నీకో సంగతి చెప్పాలి. గట్టిగా చెప్పలేను, నువ్వే చెవి ఇటు పెట్టు.

ఇది పోయిన చలికాలం చివర జరిగింది. అప్పుడు నువ్వు రామంతాపూర్‌లో మీ పెద్దమ్మ దగ్గర ఉన్నావు. అందుకని నీకు సగమే తెలుసు, ఆ సగం కూడా పైన ఉండే బాలలక్ష్మి నోటి నుంచి విన్నది. ఆమె నోట్లో పడితే ఏ మాటకైనా కాళ్లూ రెక్కలూ వస్తాయి. అసలు సంగతి నేను చెప్తాను.

శివరాత్రి ఇంకా రానేలేదు. మామూలుగా ఆ రోజుల్లో మన తార్నాకలో పాలవాడు మఫ్లర్ చుట్టుకుని, ముక్కు మాత్రం బయట పెట్టి వచ్చేవాడు. ఆ ఏడు బనియన్ మీద వచ్చాడు. దుప్పట్లన్నీ కాళ్ల కిందికి పోయాయి. పొద్దెక్కేసరికి నల్లా తిప్పితే వేడి నీళ్లు. ఎండ ఒక్కటే అయితే ఎలాగో ఓర్చుకునేవాళ్లం. దానికి గాలి తోడైంది. యూనివర్సిటీ క్యాంపస్‌లోని రాళ్లగుట్టల మీద నుంచి దిగి, గోడ దాటి, మన వీధిలో దూరి, మెట్రో స్తంభాల చుట్టూ తిరిగి మళ్లీ గుట్టలకే పోయేది. కోచింగ్ సెంటర్ల బ్యానర్లు చినిగి, ర్యాంకులు వచ్చిన పిల్లల ముఖాలు గాలిలో ఊగుతుండేవి. ఒకనాడు అలాంటి పిల్లవాడి ముఖం సగం వచ్చి మన మెట్ల మీద పడింది. మామిడి పూత చెట్టున నిలవలేదు. వాకిలి ఊడ్చి చీపురు పక్కన పెట్టేలోపు మళ్లీ దుమ్ము. చలికాలం ఎవరి మీదో అలిగి చెప్పకుండా వెళ్లిపోయినట్టుంది.

మా వనజకు అప్పుడు నెలలు నిండాయి. వనజ అంటే నా కూతురు భూదేవి కూతురు. నాకున్నది ఆ ఒక్క కూతురు, దానికున్నది ఈ ఒక్క కూతురు. వనజ మొగుడు నాగేష్ మిలిటరీలో ఉన్నాడు, ఎక్కడో ఉత్తరాన పెద్ద కొండల మీద. కాన్పు టైముకు వస్తానన్నాడు, లీవు కూడా దొరికింది. కానీ ఒకరోజు ఫోన్ చేసి వేరే మాట చెప్పాడు.

"అమ్మమ్మా, ఈడ మంచు పడాల్సిన దినాలల్ల ఎండ కొడుతున్నది. స్వెట్టర్ ఇడిశిన. గాలి మాత్రం మనిషిని నూకుతున్నది. పైన పేరుకున్న మంచు మెత్తవడ్డది, ఎప్పుడు జారుతదో ఎవలకు ఎర్కలేదు. అందుకే రోడ్డు బంద్ పెట్టిండ్రు. లీవ్ ఉన్నది గని దిగనిస్తలేరు."

"అంటే మా గుట్టకు వచ్చిన రోగమే మీ కొండకు గూడ వచ్చిందా?" అన్నాను.

"మీది గుట్ట అమ్మమ్మా, నిమ్మళంగ ఉంటది. గిది కొండ, దీనికి కోపమొస్తె ఊర్లకు ఊర్లే పోతయ్."

"సరే తీ, నువ్వు తొందరపడకు. రోడ్డు తెరిచినంక రా. నీ బిడ్డ నువ్వొచ్చేదాక ఆగుతదా అంటె ఆగదు గని, వచ్చినంక యాడికీ పోదు."

వాడు నవ్వాడు. వనజ నవ్వలేదు. ఫోను తీసుకుని లోపలికి వెళ్లింది.

ఇక భూదేవి సంగతి. నువ్వు చిన్నదానివి, నీకు గుర్తుండదు. ఆ మహమ్మారి ఏడాది ఆసుపత్రికి వెళ్లింది, మళ్లీ రాలేదు. మాకు ముఖం కూడా చూపించలేదు. ఇంట్లో దాని బట్టలు, చాపలు, దిండ్లు అన్నీ భయంతో కాల్చేశారు. ఎవర్ని అంటాం, అప్పుడు అందరికీ భయమే. మిగిలింది ఒక్క చీర. అంతకుముందు నా దగ్గరికి వచ్చినప్పుడు ఉతికి నా దండెం మీద ఆరేసి, "తడిగనే ఉన్నదే అమ్మా, ఉండనీ, మళ్ల వచ్చినప్పుడు కట్టుకుంట" అని వేరే చీర కట్టుకుని పోయింది. ఆకుపచ్చ నూలు చీర, సిద్దిపేట గొల్లభామ చీర. కొంగు నిండా, రెండు అంచుల పొడవునా నెత్తిన కుండ పెట్టుకున్న ఆడవాళ్ల బొమ్మలు వరుసగా నడుస్తుంటాయి. కట్టీ కట్టీ మెత్తబడి వెన్నలా అయింది ఆ చీర. నేను పెట్టెలో కలరా ఉండలు వేసి దాచాను.

మనలో పుట్టిన బిడ్డకు కొత్త బట్ట తొడగరు కదా. పురుడు వెళ్లేదాకా పాతబట్టే. పెద్దవాళ్లు కట్టి మెత్తబడిన చీరలతో బొంత కుట్టి అందులోనే పడుకోబెడతాం. వనజ నెల తప్పిన నాటి నుంచీ ఒకటే మాట అడిగింది.

"అమ్మమ్మా, నాకు పురుడు పోసేటందుకు అమ్మ లేదు. ఆయన లేడు. నా బిడ్డ మొదట పండేది అమ్మ చీరలనే పండాలె. అమ్మ ఒళ్లె పండినట్టు."

ఆ మాట బాలలక్ష్మి విన్నది. ఊరుకుంటుందా? "అయ్యో రాములవ్వా, సచ్చినామె చీరల పసిగుడ్డును పండవెడతరా? మంచిదేనా?" అంది.

"సచ్చినప్పుడు కట్టుకున్న చీర కాదు బాలలక్ష్మీ, బతికినప్పుడు కట్టుకున్నది. మీ అత్త గొలుసు నీ మెడల లేదా? అది బతికున్నామెదా?" అన్నాను. మెడ తడుముకుంటూ పైకి వెళ్లిపోయింది.

వనజా నేనూ కూర్చుని చీరను మూడు ముక్కలు చేసి ఒకదాని మీద ఒకటి పరిచాం. మామూలుగా బొంత అంటే నాలుగైదు పొరలు, మందంగా ఉండాలి. కానీ ఆ ఉక్కకు మందం బొంతలో వేస్తే బిడ్డకు చెమట పొక్కులు వస్తాయని పల్చగా మూడే పొరలు పెట్టాం. చుట్టూ అంచులు కుట్టాను, ఒక పక్క మాత్రం దారం సగంలో వదిలేశాను. నాలుగు మూలలా పసుపు పెట్టాను. నడుమ కుట్లు ఇంకా పడలేదు. కలరా ఉండల వాసన ముక్కు బద్దలు కొడుతోంది. "ఒక్క పూట ఎండకు వేద్దాం, వాసన పోతది, రేపు నడుమ కుడుదాం" అంది వనజ. మిద్దె మీద దండెం మీద వేసి, ప్లాస్టిక్ క్లిప్పులు పెట్టి వచ్చాం.

మధ్యాహ్నం గాలి లేచింది. మిద్దె మీద ఎవరిదో బకెట్ దొర్లుతున్న చప్పుడు విని వనజ కడుపు పట్టుకుని పైకి వెళ్లింది. వెనకే నేను. కళ్లెదుటే జరిగింది మనీషా. నడుమ కుట్లు లేవు కదా, గాలి పొరల మధ్య దూరి బొంతను బుంగలా ఉబ్బించింది. క్లిప్పులు ఒక్కొక్కటే పటపట ఊడాయి. దండెం మీద నుంచి లేచింది, పిట్టగోడ దాటింది, కింద క్యాంపస్ గోడ మీద ఒక్క క్షణం కూర్చుంది. "అమ్మా!" అని అరిచింది వనజ. బొంతను పిలిచిందో, వాళ్ల అమ్మను పిలిచిందో నాకు తెలియదు. మళ్లీ గాలి కొట్టింది. బొంత గోడ అవతల చెట్లలోకి పోయింది.

ఆ పూటంతా వెతికాం. క్యాంపస్ లోపల చెట్ల కింద, తుప్పల్లో, మురికి కాలువ వెంట. హాస్టల్ పిల్లలు కూడా పాపం వెతికారు. ఎవరిదో లుంగీ దొరికింది, రెండు టవళ్లు దొరికాయి, మా బొంత దొరకలేదు. పొద్దు వాలుతుంటే గుట్ట వైపు పొగ లేచింది, ఫైరింజన్ గంట వినిపించింది, వాచ్‌మన్ మమ్మల్ని వెనక్కి పంపించాడు. వనజ ఆ పూట అన్నం ముట్టలేదు.

"ఇంకో చీర ఉన్నది, నాది, మంచిగ మెత్తగున్నది" అన్నాను.

"నీది నువ్వున్నవ్ గదా అమ్మమ్మా. నిన్ను ముట్టుకుంట. అమ్మను యాడ ముట్టుకోవాలె?" అంది. 

మర్నాడు పొద్దున వాకిట్లో బియ్యం ఏరుతున్నాను. మన గేటు ముందు ఆటో పెట్టుకునే ఎంకన్న వచ్చాడు.

"రాములవ్వా, ఎర్కేనా? గుట్ట మీద అమ్మవారు ఎలిసింది!"

"నీకు పొద్దుగాల పొద్దుగాలనే ఎక్కిందా ఏంది?"

"ఒట్టు! నిన్న క్యాంపస్ల ఎండుగడ్డి అంటుకున్నది సూడు, మంట గుట్టెక్కి గాడున్న రేకుల ఇండ్ల మీదికి పోతుంటె రాయి కాడ ఆగిపోయిందట. మంట సల్లారినంక సూస్తె రాయి మీద అమ్మవారు ఆకుపచ్చ చీర కట్టుకొని కూసున్నదట. పసుపు గూడ ఉన్నదట సీరకు. జనం పోతున్నరు."

ఆకుపచ్చ చీర, పసుపు. నా చేతిలో బియ్యం చేటలోకి జారిపోయాయి. "ఎంకన్నా, ఆటో తియ్యి" అన్నాను. వనజకు చెప్పలేదు. నా ఊహ తప్పైతే దానికి మళ్లీ ఆశ పెట్టి తీసేసినట్టు అవుతుంది.

ఆ రాళ్లగుట్ట పెద్దదేం కాదు. ఈ వైపంతా గడ్డి కాలి నల్లగా ఉంది, గాలికి బూడిద లేస్తోంది. అవతలి వాలున గోడ పక్కన పది పన్నెండు రేకుల ఇళ్లు. నడుమ ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న పెద్ద బండలు, వాటి ముందు మనిషంత ఎత్తు రాయి. రాయి భుజాల మీద మా బొంత.

ఎలా పడిందో ఏమో, నెత్తి మీద నుంచి కొంగు జారినట్టు పడింది. గొల్లభామలు రాయి చుట్టూ వరుసగా నడుస్తున్నాయి. రాయికి బొట్టు, పసుపు. ముందు బంతిపూలు, నిమ్మకాయలు, రెండు గాజుల జతలు. అగరుబత్తులు ఉన్నాయి కానీ వెలిగించలేదు. కర్పూరం బిళ్ల కూడా అలాగే ఉంది.

"చెప్పులు ఇడువవ్వా," అంది ఒకామె. తలకు బట్ట చుట్టుకుని, చీపురు పుల్లలా సన్నగా ఉంది. ఆమె పేరు చిట్టెమ్మ, క్యాంపస్ రోడ్లు ఊడుస్తుంది. "దీపం గీపం పెట్టకు. ఇంకా గాలి కొడుతనే ఉన్నది. అమ్మవారికి అగ్గి లేని పూజనే ఇప్పుడు."

చెప్పులు విడిచాను. "ఏమైంది బిడ్డా?" అని అడిగాను.

"ఏం చెప్పాలె అవ్వా. మేం పనిల నుంచి వచ్చెటాల్లకు మంట గుట్ట మీదున్నది. గాలి సక్కగ మా ఇండ్ల దిక్కే. నా ఇద్దరు పిల్లలు ఇంట్ల పండుకున్నరు. ఉరికిన. నా కాళ్లు ఉరుకుతున్నయ్ గని మంట నాకంటె ముందున్నది. ఇగ అయిపోయింది అనుకున్న. గీ రాయి కాడికి రాంగనే గాలి మర్లింది అవ్వా. గిట్ల, ఎవరో సెయ్యి పెట్టి మల్పినట్టు. మంట ఎనుకకు పోయి, కాలిన గడ్డి మీద పడి సచ్చిపోయింది. అప్పుడు సూసినం. గీమె కూసున్నది."

నేను ముందుకు వెళ్లాను. అంచు పట్టుకోకుండానే కుట్టు కనిపించింది. నా చూపు తగ్గాక నా కుట్టు ఒక పక్కకు వాలుతుంది, అది నాకు తెలుసు. నోరు ఆగలేదు.

"బిడ్డా, ఇది మా ఇంటి బొంత. నిన్న మిద్దె మీద నుంచి గాలికి వచ్చింది."

 పక్కనున్నామె నవ్వింది. "అబ్బో! రేపొచ్చి గీ రాయి గూడ మా ఇంటి రోలే అంటవేమో!"

"ముసలిదానా, అమ్మవారు నీ బొంత కప్పుకున్నదా? సలిపెట్టిందా ఆమెకు?" అంది ఇంకొకామె.

చిట్టెమ్మ నవ్వలేదు. నా వైపు చూసింది. కోపంగా కాదు, భయంగా. నేను ఆ అంచు తిప్పితే చాలు, లోపల నా కుట్లు, సగంలో వదిలేసిన దారం, అన్నీ బయటపడతాయి. చెయ్యి చాపాను కూడా. అప్పుడు రాయి వెనక నీడలో చాపల మీద పడుకున్న పిల్లలు కనిపించారు. వాళ్ల పక్కన గిన్నెలు, బట్టల మూటలు.

"ఇండ్లల్ల ఉంటలేం అవ్వా," అంది చిట్టెమ్మ, నా చూపు ఎటు పోయిందో గమనించి. "రేకు సప్పుడైతే గుండె ఆగుతున్నది. అవతలి దిక్కు గడ్డి ఇంకా కాలలే, అట్లనే ఎండి ఉన్నది. ఈమె కాడ కూసుంటేనే జర కన్నంటుతున్నది."

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. దండం పెట్టాను. ఎంకన్న ఆటో ఎక్కి వచ్చేశాను.

వనజకు చెప్పకుండా ఉండలేకపోయాను. చెప్పాక అది నన్ను చూసిన చూపు ఉంది చూడు, అంత కోపం దానిలో ఎప్పుడూ చూడలేదు.

"సూశినవా? సూశి ఇడిశిపెట్టి వచ్చినవా?"

"వాళ్లు బుగులుతోని ఉన్నరు బిడ్డా. పిల్లలను ఏసుకొని రాయి కాడ కూసున్నరు..."

"వాళ్లకు పిల్లలున్నరు, మొగళ్లున్నరు, ఇల్లు కాలలేదు. దేవుడు కావాలంటె గుట్ట నిండ రాళ్లే. నాకు అమ్మది ఏమున్నదే? ఏమున్నది చెప్పు?" అని గోడ పట్టుకుని లేచింది. "నేను పోత. నా చీర నేను తెచ్చుకుంట."

వద్దన్నాను. నెలలు నిండాయన్నాను, బూడిద అన్నాను, రాళ్లన్నాను. అప్పటికే మెట్లు దిగుతోంది. ఎంకన్న ఆటోను చంటిపిల్లల బండిలా నడిపాడు. గుంత వచ్చినప్పుడల్లా "జర పట్టుకో చెల్లె" అంటూ, వెనక హారన్ కొట్టిన వాళ్లందరినీ తిడుతూ పోయాడు.

గుట్ట ఎక్కుతున్న వనజను చిట్టెమ్మ పైనుంచే చూసి పరుగెత్తుకొచ్చింది. నా మీద ఎగిరింది.

"తెలివున్నదా అవ్వా నీకు? నిండు సూలాలిని గీ గాలిల గుట్టెక్కిస్తరా? మొక్కు ఉంటె నువ్వు మొక్కరాదా! రా తల్లీ, నా సెయ్యి పట్టుకో. మెల్లగ. గా రాయి మీద కాలు పెట్టకు, కదులుతది."

నీడలో కూర్చోబెట్టింది. ఎవరో మంచినీళ్లు తెచ్చారు, ఎవరో కొంగుతో విసిరారు. పొద్దున నన్ను ఎగతాళి చేసినామె వనజ కాళ్లు తన ఒళ్లోకి తీసుకుని, "వాపులు సూడు, అయ్యో" అని ఒత్తసాగింది. వనజ పోట్లాడటానికి వచ్చింది పాపం. దారంతా మాటలు కూర్చుకుంది, నేను విన్నాను. వాళ్లు పోట్లాడే సందు ఇవ్వలేదు. చివరికి చిన్న గొంతుతో ఒక్క మాట అంది.

"అది మా అమ్మ చీర."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

"మీ అమ్మ యాడున్నది బిడ్డా?" అడిగింది చిట్టెమ్మ.

"లేదు."

చిట్టెమ్మ వనజ ముఖం చూసింది, కడుపు చూసింది. లేచి రాయి దగ్గరికి వెళ్లి, తనే అంచు ఎత్తి తిప్పి చూసింది. చాలాసేపు చూసింది.

"బొంతనే," అంది. "కుట్టు ఎవలది?"

"నాది," అన్నాను.

అక్కడున్న ఆడవాళ్ల ముఖాల్లో రంగు పోయింది. ఒక పడుచుపిల్ల చంకలో బిడ్డతో నిలబడి ఉంది. "అంటె అమ్మవారు కాదా? ఉత్త బొంతనా? మళ్ల మంటొస్తె ఎట్ల మరి?" అని ఏడుపు మొదలుపెట్టింది. అది చూసి ఇంకో ఇద్దరు. నాకు ఆ రాయి కింద దాక్కోవాలనిపించింది.

చిట్టెమ్మ వాళ్ల వైపు తిరిగింది. "ఏందే ఏడుపు? బొంతనే. వాళ్ల మిద్దె మీద నుంచి గాలి తెచ్చింది, అయితే ఏంది? ఇన్ని చెట్లున్నయ్, ఇన్ని గోడలున్నయ్, గీ రాయి మీదనే ఎందుకు పడ్డది? గాలి తెచ్చింది సరే. గాలి ఎవలు చెప్పితె విన్నది?"

"అట్లంటవా?" అంది పడుచుపిల్ల ముక్కు తుడుచుకుంటూ.

"అట్లనే అంట." ఆమె బొంతను రాయి మీద నుంచి తీసింది. పువ్వు ఒక్కటి కూడా రాలకుండా జాగ్రత్తగా తీసి, మడిచి, వనజ ఒళ్లో పెట్టింది. "తీస్కపో బిడ్డా. తల్లి చీర తల్లి చీరనే. అమ్మవారికి వేరే తెచ్చుకుంటం."

వనజ బొంతలో ముఖం పెట్టుకుంది. దాని భుజాలు కదులుతున్నాయి. నేను అనుకున్నాను, అయిపోయింది, దొరికింది, ఇంటికి పోదాం. సరిగ్గా అప్పుడే గాలి ఒక్కసారి లేచింది. కింద రేకులు దడదడలాడాయి. పడుకున్న పిల్లలు ఉలిక్కిపడి లేచి, అలవాటుగా రాయి వైపు చూశారు. రాయి బోసిగా ఉంది. చిట్టెమ్మ కూడా చూసింది, వెంటనే తల తిప్పుకుంది.

వనజ అది చూసింది. నేను కూడా చూశాను కానీ, నేను మాట్లాడే సంగతి కాదది. చీర దాని తల్లిది.

"అమ్మమ్మా," అంది కాసేపటికి. "దీంట్ల మూడు పొరలే గదా?"

"మూడే."

"మూడూ అమ్మయే గదా?"

"అన్నీ ఆ ఒక్క చీరవే బిడ్డా."

"అయితే విప్పు," అంది. "పైపొర ఈమెకు ఉండనీ. కొంగు గొల్లభామలన్ని దాని మీదనే ఉన్నయ్. కింది రెండు నాకు చాలు."

చిట్టెమ్మ వద్దంది. వనజ విప్పమంది. ఇద్దరూ ఒకరి చేతులు ఒకరు పట్టుకుని లాగులాడుకున్నారు, చూడటానికి పెళ్లిలో చీరలు పెట్టుకునే వియ్యపురాళ్లలా ఉన్నారు. చివరికి ఒక ముసలామె, నాకంటే పెద్దది, గొడవ తీర్చింది. "ఒకసారి అమ్మవారి మీదికి ఎక్కిన బట్టను అడగకుండ తెంపొద్దు. పువ్వు పెట్టి అడుగుదం. కుడి దిక్కు పడితే సరే అన్నట్టు, ఎడమ దిక్కు పడితే వద్దన్నట్టు" అంది.

రాయి నెత్తిన బంతిపువ్వు పెట్టారు. చేతులు జోడించే లోపు గాలి దాన్ని తీసుకుపోయి గుట్ట దిగువకు విసిరేసింది. కుడీ కాదు, ఎడమా కాదు. ఇంకోటి పెట్టారు. అది వచ్చి ఎంకన్న ముఖానికి తగిలింది.

"ఇది ఏ దిక్కు లెక్క?" అన్నాడు ఎంకన్న.

"నువ్వు కుడిదిక్కున్నవా, ఎడమదిక్కున్నవా?"

"నేను ఆటో దిక్కున్న!"

అందరూ నవ్వారు. ఏడ్చిన పడుచుపిల్ల కూడా నవ్వింది. మూడో పువ్వు పెడుతుంటే చిట్టెమ్మ దానికి రెండు చేతులూ గాలికి అడ్డం పెట్టింది. కొంచెం కుడి చెయ్యి ఎక్కువ తెరిచిందని నేను గమనించాను. పువ్వు కుడివైపే పడింది. "సరేనన్నది!" అని అందరికంటే ముందు అరిచింది చిట్టెమ్మే.

రాళ్ల నీడన కూర్చుని విప్పాం. కత్తెర పెట్టొద్దన్నారు, కాబట్టి పళ్లతో దారం తెంపుతూ, వేళ్లతో లాగుతూ విప్పాం. నడుమ కుట్లు లేకపోవడం మంచిదైంది. పైపొర వేరు చేశాక కింది రెండు పొరలు మూలల్లో నేను పెట్టిన పసుపు తప్ప ఏ మరకా లేకుండా, పెట్టెలో నుంచి తీసిన నాటిలాగే ఉన్నాయి. వనజ లేచి, పెద్ద కడుపుతో మునివేళ్ల మీద నిలబడి, పైపొరను తనే రాయికి కప్పింది. గాలికి పోకుండా వెనక రెండు కొసలూ గట్టిగా ముడి వేసింది. ఆ ముడి వేస్తూ ఏమనుకుందో నేను అడగలేదు.

చిట్టెమ్మ ఇంటి నుంచి సూది దారం తెచ్చింది. మిగిలిన రెండు పొరలను అక్కడే కుట్టాం. నేను ఒక మూల మొదలుపెట్టాను, నా చేతిలో నుంచి సూది పక్కామె తీసుకుంది, ఆమె నుంచి ఇంకొకామె. రోలు అని నన్ను వెక్కిరించినామె కుట్టు మాత్రం ముత్యాల్లా ఉంది, ఒప్పుకోవాలి. చిట్టెమ్మది బారు కుట్టు, రోడ్డు ఊడ్చినట్టు ఈ కొస నుంచి ఆ కొసకు. నెలలు నిండిన పిల్ల ఉత్త చేతులతో పోవద్దని వనజ కొంగులో బియ్యం పోసి, గాజులు పెట్టి, బొంత మడిచి పెట్టి పంపించారు.

దిగేటప్పుడు చిట్టెమ్మను అడిగాను. "ఇగ ఇండ్లల్ల పంటరా?"

"పంటం అవ్వా. రేపు అవతలి దిక్కు గడ్డి గూడ కోస్తం, వాచ్‌మన్ సారు కొడవళ్లు ఇస్తనన్నడు. అమ్మవారు ఉన్నదని మనం గడ్డి కొయ్యకపోతె ఆమె ఎన్నిమాట్ల మల్పుతది గాలిని?"

అంతే మనీషా. ఆ తర్వాత కొన్నాళ్లకు చలి మళ్లీ రెండు రోజులు తిరిగొచ్చింది, మఫ్లర్ కోసం పాలవాడు ఇల్లంతా వెతుక్కున్నాడట. ఆ చలిలోనే ఉయ్యాలలో ఉన్న ఇది పుట్టింది. నర్సు చేతిలో నుంచి తీసుకుని నేనే ఆ బొంతలో పడుకోబెట్టాను. వనజ పక్కకు ఒత్తిగిలి, బిడ్డను కాదు, ముందు బొంతను తడిమింది. తర్వాత బిడ్డను. "ఎచ్చగుందా అమ్మ దగ్గర?" అని అడిగింది దాన్ని. కొండ రోడ్డు తెరిచాక నాగేష్ వచ్చాడు, వాడికి ముక్కు మీద ఇంకా అక్కడి ఎండ మచ్చలున్నాయి. బిడ్డను ఎత్తుకోవడం రాక బొంతతో సహా ఎత్తుకున్నాడు.

ఇప్పుడు నీకెందుకు చెప్తున్నానంటే, వనజ ఈ మాట చెప్పలేదు. మొదలుపెడుతుంది, వాళ్లమ్మ దగ్గరికి వచ్చేసరికి లేచి లోపలికి పోతుంది. నాగేష్ అప్పుడు ఇక్కడ లేడు. నేను ఎంతకాలం ఉంటానో నాకే తెలియదు, మొన్నటి నుంచి మెట్లు కూడా దిగడం లేదు. ఎంకన్న చెప్తే అందులో తనే హీరో. బాలలక్ష్మి అమ్మవారు గాల్లో ఎగిరి వచ్చిందని చెప్తోంది. నువ్వు పక్కింటి పిల్లవి, దానికి అక్కలాంటి దానివి, తెలివైనదానివి. ఇది పెరిగి పెద్దదై ఒకరోజు అడుగుతుంది, నా బొంతలో కుట్లు ఇన్ని రకాలుగా ఉన్నాయేమిటి అని. అప్పుడు దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పు. మంట సంగతి చెప్పు, వాళ్లమ్మ గుట్టెక్కిన సంగతి చెప్పు. దొరికిన చీరను వాళ్లమ్మ మళ్లీ పంచుకుందని తప్పకుండా చెప్పు, అది మాత్రం మరిచిపోకు. చిట్టెమ్మ కుడి చెయ్యి తెరిచిన మాట చెప్పాలా వద్దా అన్నది నీ ఇష్టం. ఏదీ నువ్వు కలపకు, ఏదీ తీసెయ్యకు.

ఏదీ, మొదటి నుంచి ఒకసారి నాకు చెప్పు చూద్దాం. మెల్లగా, పిల్ల లేవకుండా.